మొండితోక జువ్వ, మైలురాయి మీది తీతువు

ఇప్పలకోన అనే అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ముంగిసలు, నెమళ్లు, దుప్పులు ఉండేవి. ఆ అడవి నడుమ నుంచి నల్లటి తారు రోడ్డు ఒకటి పోయేది. ఎండాకాలం వస్తే రోడ్డుకు ఇవతల ఉన్న వాగు ఎండిపోయేది. అవతల ఒక ఊట ఉంది. అందులో మాత్రం ఎప్పుడూ చల్లటి నీళ్లే. కాబట్టి దాహం వేసిన వాళ్లంతా రోడ్డు దాటాల్సిందే.

రోడ్డు పక్కన గులకరాళ్లలో తీతువమ్మ కాపురం. పొడుగు కాళ్ల పిట్ట. పొద్దస్తమానం మైలురాయి మీద నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉండేది. లారీ కనిపించిందా, ఇక చెవులు మూసుకోవాల్సిందే! "టిట్టీ! టిట్టిట్టీ! ఆగండి! బండి వస్తోంది!" అని ఒకటే అరుపు.

ఆ అరుపు ఎవరికీ గిట్టేది కాదు. మద్దిచెట్టు మీద ఉండే ఉడుతమ్మకైతే మరీను. "పొద్దున్నే మొదలుపెట్టింది మహాతల్లి! ఈ పిట్ట అరిస్తే ఏదో చెడు జరుగుతుందట" అని విసుక్కునేది. చెడు జరగకూడదనే కదా పాపం తీతువమ్మ అరిచేది! ఆ సంగతి అప్పటికి ఎవరికీ తోచలేదు.

ఉడుతమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు జువ్వ, చిన్నది గింజ. జువ్వ తోక ఒత్తుగా, కుచ్చులా ఉండేది. వాడి పరుగు కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. ఆ రెంటినీ చూసుకుని వాడి కళ్లు నెత్తికెక్కాయి. లారీ దగ్గరికి వచ్చేదాకా రోడ్డు అంచున కూర్చునేవాడు. తీరా వచ్చాక దాని ముందు నుంచి సర్రున అవతలికి దూకేవాడు.

"ఒరేయ్ జువ్వా! అది ఆటస్థలం కాదురా. అంచున ఆగు, చెవులు రిక్కించు, కుడీ ఎడమా చూడు, మళ్లీ కుడి చూడు. దారి ఖాళీగా ఉంటేనే నేరుగా దాటు. నడుమన వెనక్కి తిరక్కు!" అని తీతువమ్మ నెత్తీనోరూ కొట్టుకునేది.

"అంతసేపు చూస్తూ కూర్చుంటే ఊటలో నీళ్లు అయిపోతాయి అత్తా!" అని జువ్వ నవ్వేవాడు. వాడు నవ్వితే గింజ కూడా నవ్వేది. అన్న ఏం చేస్తే అదే చేయడం దాని పని.

ఒకరోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఉడుతమ్మ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఊటకు బయలుదేరింది. దారిలో రాలిన పళ్లు కనిపిస్తే ఏరుకుంటూ కాస్త వెనకబడింది. "చెల్లి చెయ్యి వదలకు నాయనా" అని జువ్వకు చెప్పింది. జువ్వ తల ఊపాడు. రోడ్డు కనిపించగానే వదిలేశాడు. వాడి అలవాటు ప్రకారం ఒక లారీ ముందు నుంచి అవతలికి దూకాడు.

అక్కడితో ఊరుకున్నాడా? లేదు. లారీ పోయాక ఇటు తిరిగి, "రావే పిరికిదానా! రెండు గెంతులే!" అని కేకేశాడు.

గింజకు పౌరుషం వచ్చింది. అటు చూడలేదు, ఇటు చూడలేదు. రోడ్డు మీదికి దూకేసింది.

సరిగ్గా అప్పుడే మలుపులోంచి ఇంకో లారీ వచ్చింది. "పాం!" అని హారన్ మోగింది. గింజ నడిరోడ్డులో ఆగిపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఉడుతమ్మ పిల్లలకు ఒక పాఠం నేర్పింది. డేగ మీదికి వస్తే గిరుక్కున వెనక్కి తిరగాలి. డేగ ఆ ఊపులో ముందుకు పోతుంది, ఉడుత బతుకుతుంది. మంచి పాఠమే, కానీ డేగ కోసం నేర్పింది. పిచ్చితల్లి గింజ లారీని చూసి అదే చేసింది. గిరుక్కున వెనక్కి తిరిగింది. మళ్లీ ముందుకు తిరిగింది. మళ్లీ వెనక్కి. లారీ ఎక్కడికీ పోలేదు, నేరుగా దాని మీదికే వస్తోంది.

"టిట్టీ! నేరుగా పో గింజా! నేరుగా!" అంటూ తీతువమ్మ మైలురాయి మీది నుంచి దూసుకొచ్చింది. రెక్కలు టపటపలాడిస్తూ గింజ వీపు వెనక వాలి దాన్ని ముందుకు తరిమింది. జువ్వ అవతలి అంచుకు ఉరికాడు. ఒక్క అడుగు రోడ్డు మీదికి వేసి, చెల్లిని పట్టి లాగి, వెనక్కి తిరిగాడు.

లారీ వెళ్లిపోయింది. దుమ్ము లేచింది. ఇవతల ఉడుతమ్మకు ఏమీ కనిపించలేదు. "నా పిల్లలు!" అని గోలపెడుతూ ఆమె కూడా గుడ్డిగా రోడ్డు మీదికి ఉరకబోయింది.

"ఆగు వదినా! ఇంకోటి వస్తోంది! పిల్లలు బాగానే ఉన్నారు, నువ్వు ఆగు!" అని దుమ్ములోంచి తీతువమ్మ అరిచింది.

ఉడుతమ్మ ఆగింది. ఆమె ముందు నుంచి మరో బండి రయ్యిన పోయింది. ఆ పిట్ట అరుపు అంత తియ్యగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

దుమ్ము తగ్గాక కుడీ ఎడమా చూసి, మళ్లీ కుడి చూసి, ఉడుతమ్మ మెల్లగా దాటింది. గింజ ఒంటి మీద గీత కూడా పడలేదు. తీతువమ్మ రెక్కలో ఒక ఈక ఊడిపోయింది. జువ్వకు ప్రాణం దక్కింది గానీ, ఆ కుచ్చు తోక సగం టైరు కింద పోయింది. వాడు తోక వంక చూసుకోలేదు. చెల్లిని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనే పిలిచానమ్మా. తప్పంతా నాదే" అన్నాడు.

"నా తప్పూ ఉంది నాయనా. డేగ సంగతి నేర్పాను, రోడ్డు సంగతి నేర్పలేదు" అని ఉడుతమ్మ వాడి తల నిమిరింది. తర్వాత తీతువమ్మ ముందు నిలబడింది. "నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను వదినా. నువ్వే లేకపోతే ఈరోజు నా ఇల్లు చీకటయ్యేది. నీ మేలు మరిచిపోను."

మరునాడే ఉడుతమ్మ నోటి నిండా బూరుగు దూది తెచ్చింది. "గుడ్లు పెట్టే రోజులు కదా వదినా. మెత్తగా పరుచుకో" అంది.

తీతువమ్మ పకపకా నవ్వింది. "మా పిల్లలకు పరుపులు అలవాటు లేవమ్మా, గులకరాళ్లే హాయి! నాకేదైనా చేయాలనుంటే ఒకటే చెయ్యి. రోడ్డు అంచున అందరూ ఆగేలా చూడు. రేపు గుడ్లు పొదుగుతూ కూర్చుంటే నేను ఎప్పుడూ అరవలేను. ఎవరి చెవులు వాళ్లు వాడుకోవాలి."

ఆ పని జువ్వ నెత్తిన వేసుకున్నాడు. రోజూ మైలురాయి దగ్గర కూర్చుని వచ్చిన ప్రతి బుడతడినీ ఆపేవాడు. కుందేలు పిల్లలు "మొండితోక మాస్టారు" అని ఏడిపించేవి. "అవునర్రా, ఈ తోక ఎందుకు మొండిదైందో విని మరీ దాటండి" అనేవాడు వాడు. విన్నాక ఏ పిల్లా తొందరపడేది కాదు.

నెల తిరిగేసరికి తీతువమ్మ గుడ్లు పగిలి నాలుగు బుజ్జి పిల్లలు బయటికి వచ్చాయి. ఒకరోజు తీతువమ్మ నీళ్లకని ఊట దగ్గరికి వెళ్లింది. ఆఖరి పిల్ల ఒక పురుగు వెంటపడి, తారు మీద ఒక కాలు పెట్టింది. దూరంగా లారీ శబ్దం వినిపించింది.

అవతలి నుంచి తీతువమ్మ చూసింది. అరవబోయి నోరు నొక్కుకుంది. ఎందుకంటే అమ్మ అరిస్తే ఉన్నచోటే కదలకుండా అతుక్కుపోవడం తీతువు పిల్లల అలవాటు. ఇప్పుడు అరిస్తే బిడ్డ టైర్లు పోయే చోటనే అతుక్కుపోతుంది. అడవి అందరి కోసం అరిచిన ఆ తల్లి తన బిడ్డ కోసం అరవలేకపోయింది. ఊట నుంచి ఎగిరి వచ్చేలోపు లారీ వచ్చేస్తుంది.

కానీ జువ్వ చెవులు ఆ శబ్దాన్ని ఎప్పుడో పట్టేశాయి. అంచు మీది మట్టిలో నిలబడి, రోడ్డు మీదికి దిగకుండానే, పిల్లను మెల్లగా ఇవతలికి లాగాడు. "ఆగు తల్లీ. ముందు చెవులు రిక్కించు. ఆ తర్వాత కుడీ ఎడమా, మళ్లీ కుడి" అన్నాడు. లారీ వాళ్ల పక్క నుంచి వెళ్లిపోయింది.

దారి ఖాళీ అయ్యాక తీతువమ్మ వచ్చింది. కళ్ల నీళ్లతో, జువ్వ మొండితోక మీద తన రెక్క కప్పింది.

"నేను చెప్పింది నీ మాటే అత్తా" అన్నాడు జువ్వ.

నీతి: రోడ్డు అంచున ఆగి, విని, కుడీ ఎడమా చూసి, పెద్దల చెయ్యి పట్టుకునే దాటాలి, మనల్ని "ఆగు" అన్నవాళ్ల మేలును ఎన్నటికీ మరవకూడదు.