గీసిన సగం

మా మాస్టారు అప్పలనరసయ్యగారిని ప్రశ్న అడిగితే బోర్డు దగ్గరికి వెళ్లరు. కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పుడో జరిగినదేదో చెబుతారు. జవాబు అందులోనే ఉంటుందని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. నా బుర్ర అంత చురుకైంది కాదు లెండి.

ఆ రోజు అడిగింది హైమవతి. నాతోపాటే పరిశోధన చేస్తోంది. దట్టమైన ధూళిలో పుడుతున్న ఒక భారీ నక్షత్రం చుట్టూ వాయువు పళ్లెంలా తిరుగుతోందని నిరూపించడం ఆమె పని. ధూళి అడ్డు వల్ల ఆ పళ్లెం కంటికి కనబడదు. రేడియో టెలిస్కోపులో ఒక అంచు మన వైపు వస్తున్నట్టు, రెండో అంచు దూరంగా పోతున్నట్టు తెలిస్తే, తిరుగుతోందని నమ్ముతాం. ఆమెకు వచ్చే అంచు చక్కగా దొరికింది. పోయే అంచు సంకేతం రేడియో రొదలో కలిసిపోయింది. నెలాఖరుకి గడువు. పళ్లెం లేదంటే మూడేళ్ల పనికి పట్టా రాదు. అందుకని దొరికిన సగాన్నే అద్దంలో చూసినట్టు తిప్పి, రెండో సగం గీసి, ఆ బొమ్మ తెచ్చింది.

"ఒక పక్క వస్తుంటే రెండో పక్క పోతూ ఉండాల్సిందే కదా మాస్టారూ. గీస్తే తప్పేమిటి?" అంది.

మాస్టారు బొమ్మ చూసి, కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పారు. ఆవిడకు చూపు లేదు. పెరటి పాకలో కొడుకు గానుగ ఆడించేవాడు. ఆవిడ వెనక అరుగు మీద కూర్చుని, ఎద్దు మెడలో గంట దగ్గరికి రావడం, దూరం పోవడం వింటూ పని సాగుతోందని తెలుసుకునేది. ఒక మధ్యాహ్నం గంట దగ్గరికి వచ్చింది. అంతలో అరుగు పైనున్న రేకుల మీద వాన విరుచుకుపడి, ఇంకేమీ వినబడలేదు. నూనెకి వచ్చిన పొరుగాయన మీ అబ్బాయి ఏడని అడిగాడు. గానుగ ఆడిస్తున్నాడు, వాన తగ్గాక రమ్మంది ఆవిడ. ఆయన వెళ్లిపోయాడు. వాన గంటసేపు కురిసింది. వెలిశాక పొరుగాయన మళ్లీ వచ్చి పాకలోకి చూస్తే ఎద్దు కదలకుండా నిలబడి ఉంది. దాని వెనక కొడుకు నేల మీద పడి ఉన్నాడు. కాస్త ముందు చూసి ఉంటే బతికేవాడన్నాడు వైద్యుడు. ఆ కొడుకు మా మాస్టారి తండ్రి. ఇదంతా చెబుతుంటే ఆయన గొంతు మారలేదు.

హైమవతి బొమ్మను మధ్యకి మడిచింది, గీసిన సగం వెనక్కి పోయేలా.

"రోజూ వినేదే కదా మాస్టారూ. ఆవిడ కావాలని అబద్ధం చెప్పలేదు," అంది.

"లేదమ్మా," అన్నారు మాస్టారు. "విననిది చెప్పింది, అంతే."