ఇన్నాసమ్మ వేసిన ధూపం

ఇప్పుడు కెరటాలు విరిగే చోట అప్పట్లో ఇళ్ళూ వాకిళ్ళూ ఉండేవట. అంత పాతకాలంలో, అనగనగా ఒక బెస్తపల్లె. పల్లెలో తాటాకు కప్పిన గుడి. గుడిలో శిలువ, శిలువ ముందు ధూపపాత్ర. ఆ పాత్రలో నిప్పులు వేసే మనిషి పేరు ఇన్నాసమ్మ.

ఇన్నాసమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. గుడి ఊడ్చేది, నీళ్ళు చల్లేది, సరుగుడు బొగ్గులు రాజేసేది. అన్ని పనులూ వచ్చు గానీ జపాలు మాత్రం రావు. ఉపదేశి రాయప్ప ఎంతో ఓపిగ్గా నేర్పాడు. పరలోక జపం సగంలో ఆగిపోయేది. మంగళవార్త జపం మొదట్లోనే తప్పేది. విశ్వాస సంగ్రహం మాట అడక్కండి. అందరూ జపం చెబుతుంటే ఆమె ఊరికే పెదాలు కదిపేది. మనుషులు కనిపెట్టకపోయినా దేవుడికి తెలిసిపోతుందని సిగ్గుపడేది.

ఒక పండక్కి పూజ చెప్పే గురువు, స్వాములవారు, పడవ మీద వచ్చారు. ఇన్నాసమ్మ తన బాధ ఆయనకు చెప్పుకుంది. ఆయన నవ్వలేదు. కీర్తనలు పాడిన దావీదు రాజు కూడా తన ప్రార్థన ధూపంలా దేవుడి ముందుకు చేరాలని వేడుకున్నాడని చెప్పారు.

"మాట రానప్పుడు సాంబ్రాణి వెయ్యమ్మా. ఎవరికోసమో మనసులో తలుచుకో. అదీ ప్రార్థనే."

ఆనాటి నుంచి ఆమె మూడు చిటికెలు వేసేది. ఒకటి సముద్రం మీద ఉన్నవాళ్ళకు. ఒకటి ఒడ్డున ఉన్నవాళ్ళకు. ఒకటి తమకోసం తలిచే దిక్కు లేనివాళ్ళకు. పొగ పైకి పోయేది. ఇన్నాసమ్మ చూస్తూ నిలబడేది. మనసు నిమ్మళంగా ఉండేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక చలికాలం క్రిస్మస్ దగ్గరపడింది. పండక్కని స్వాములవారు డబ్బా నిండా సాంబ్రాణి పంపి, జాగ్రత్తగా దాచమని ఇన్నాసమ్మకు కబురు చేశారు.

ఆ వారంలోనే ఒక పొద్దున, తెప్పలన్నీ వేటకు పోయాక, సముద్రం మీద మంచు దిగింది. చాపిన చెయ్యి కనపడదు. ఊరికి ఉత్తరాన నీళ్ళలో నల్లరాళ్ళున్నాయి. దారి తప్పి వాటి మీద పడితే తెప్పా దక్కదు, మనిషీ దక్కడు.

గుడి గంట కొట్టారు. మంచులో ఆ మోత ఎటునుంచి వస్తుందో తెలియలేదు. కేకలు పెట్టారు. కెరటాల హోరు మింగేసింది. మంట వేశారు. వెలుగు నాలుగడుగులు దాటలేదు. ఆడవాళ్ళు ఇసకలో మోకాళ్ళూని జపం మొదలెట్టారు.

ఇన్నాసమ్మ చెంపకు గట్టుగాలి తగిలింది. చల్లగా, నెమ్మదిగా, ఒడ్డు మీంచి సముద్రంలోకి పోతోంది. ఆమె గుడిలోకి వెళ్ళి ధూపపాత్రా డబ్బా పట్టుకొచ్చింది. నీటి అంచున కూర్చుని మూడు చిటికెలు వేసింది. అవి చాలవని తోచి గుప్పెడు తీసింది. రాయప్ప వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అది దేవుడిదమ్మా. పవిత్రమైన ధూపం మన అవసరాలకు వాడకూడదని మోషేకు ఆజ్ఞ."

ఆయన కొడుకూ తెప్ప మీదే ఉన్నాడు.

"పైకి పోతే దేవుడికి ముడుతుంది. అడ్డంగా పోతే మనోళ్ళకి ముడుతుంది. రెండిట్నీ ఆయన చూడడా, ఉపదేశిబాబూ?"

రాయప్ప ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి వదిలేశాడు. పక్కనే కూర్చుని కండువాతో నిప్పులు విసిరాడు. గుప్పెడు తర్వాత గుప్పెడు పడింది. పొగ సముద్రం మీదికి పోయింది. ఇన్నాసమ్మ లేచి చూస్తూ నిలబడింది.

మంచులో తెడ్లు ఎత్తి కూర్చున్న మనుషులకు సన్నగా సాంబ్రాణి వాసన తగిలింది. అది గుడి వాసన, ఊరి వాసన. ఒక్కో తెప్పకు పెద్దైన తండేలు ముందు నిలబడి గాలి పీలుస్తూ దిక్కు చెప్పాడు, వెనకవాళ్ళు తెడ్లు వేశారు. ఒక తెప్ప ఒడ్డుకు తగిలింది. దాని వెనక ఇంకోటి. అన్నిటికంటే చివర రాయప్ప కొడుకు తెప్ప. నల్లరాళ్ళకు ఆ రోజు ఎవరూ దొరకలేదు.

డబ్బా ఖాళీ అయింది. పండక్కి వచ్చిన స్వాములవారి ముందు ఇన్నాసమ్మ దాన్ని పట్టుకుని తల వంచుకు నిలబడింది. జరిగిందంతా రాయప్పే చెప్పాడు. స్వాములవారు ఆ డబ్బా అందుకుని లోపలికి చూశారు.

"బైబిలు చివర దర్శన గ్రంథంలో ఒక దూత ఉన్నాడమ్మా," అన్నారు. "పరిశుద్ధుల ప్రార్థనలతో కలిపి ధూపం వేస్తాడు. ఆ పొగ దేవుడి దాకా పోతుంది. అప్పుడు అదే పాత్రలో నిప్పులు నింపి భూమ్మీదికి విసురుతాడు. పైకి పోయిన ప్రార్థన పైనే ఉండిపోదు. నువ్వు తప్పు చెయ్యలేదు."

ఆ క్రిస్మస్‌కు పాత్రలో వట్టి నిప్పులే ఉన్నాయి. అయినా గుడి ఘుమఘుమలాడింది. వలల్లో, చీరల్లో, మగవాళ్ళ తలపాగాల్లో అదే వాసన.

ఇన్నాసమ్మ పండుముసలై, నిద్రలోనే హాయిగా కన్నుమూసింది. ఊరు ఊరంతా కదిలి ఆమెను సాగనంపింది.

ఇప్పటికీ ఆ తీరాన మంచు దిగితే ఇంటికొక ఆడమనిషి నిప్పుల కుండ పట్టుకుని నీటి అంచుకు వస్తుంది. మూడు చిటికెలు వేసి, ఏమీ మాట్లాడకుండా నిలబడుతుంది. ఇక మంచు లేని రోజున కూడా, ఒడ్డు దగ్గరపడుతుంటే ముసలి తండేళ్ళు ఒక్క క్షణం తెడ్డు ఆపి గాలి పీలుస్తారు. ఎందుకని అడిగితే, "ఇన్నాసమ్మ పిలుస్తోందేమోనని" అంటారు.