గేటు బయటి ఎండ

మురహరికి కోపం తగ్గడం లేదు. అన్నం సహించడం లేదు, కంటి మీద కునుకు లేదు, పెళ్లాం పలకరిస్తే కసురుకుంటున్నాడు. చివరికి ఊరి బయట ఈరమ్మవ్వ ఆశ్రమానికి వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

"అవ్వా, ఈ కోపాన్ని ఎట్లా చంపుకోవాలో చెప్పు."

అవ్వ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరి మీద నాయనా?"

"ఓబులేసు మీద. మా ఆసుపత్రి గేటు కాపలా మనిషి."

మురహరి జిల్లా ఆసుపత్రిలో పరిపాలనాధికారి. మేనేజ్‌మెంట్ చదువు చదివి వచ్చినవాడు. వచ్చిన ఏడాదిలోనే వరండాల్లో జనం లేకుండా చేశాడు. గేటు లోపల టోకెన్ యంత్రం పెట్టించాడు. టోకెన్ తీసుకున్న దగ్గర్నుంచి డాక్టరు చూసేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి ఆ యంత్రం రాజధానిలోని పెద్దల తెర మీద చూపిస్తుంది. తొమ్మిది నిమిషాలు! రాష్ట్రంలో ఇంకెక్కడా అంత తక్కువ లేదు. శాలువాలు కప్పారు. పక్క జిల్లాల ఆఫీసర్లు బస్సు కట్టించుకుని వచ్చి చూసిపోయారు.

ఇందులో కిటుకు ఏమిటంటారా? ఏముంది, గేటు మూసెయ్యడమే! లోపలున్న రోగి బయటికి పోతేనే ఇంకో రోగిని లోపలికి వదలాలి. మిగతావాళ్లంతా రోడ్డు మీద. చేతికి టోకెన్ రాలేదు కాబట్టి తెర లెక్కలో వాళ్లు ఇంకా పుట్టనే లేదు. జ్వరాలూ, కాన్పు నొప్పులూ, విరిగిన చేతులూ అన్నీ ఆ తారు రోడ్డు మీద మాడాల్సిందే. ఇంత చదువూ చదివి వీళ్లు కనిపెట్టింది ఇదీ! చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

మొన్న సోమవారం ఒక నిండు చూలాలు ఆ రోడ్డు మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఓబులేసు ఆమెను ఎత్తుకుని లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చి, గేటు బార్లా తీసేశాడు. బయటున్న జనమంతా లోపలికొచ్చి టోకెన్లు తీసుకున్నారు. తొమ్మిది నిమిషాలు కాస్తా రెండు గంటలు దాటింది. తెర ఎర్రబడింది. రాజధాని నుంచి ఫోను వచ్చింది, మురహరికి నానా చీవాట్లూ పడ్డాయి.

"ఆమెను తీసుకెళ్లాడు, సరే. గేటెందుకు తియ్యాలవ్వా? నా ఏడాది కష్టం గంగలో కలిపాడు! వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తున్నా. ఆర్డరు సిద్ధంగా ఉంది, రేపు సాయంత్రం సంతకం పెడతా. ఈ కోపమే..."

"ఆమె ఎట్లుంది?"

"ఎవరు?"

అవ్వ చేతులు ఆగిపోయాయి. తల్లీ బిడ్డా క్షేమమేనండీ. ఆ సంగతి ఏ తెర మీదా రాలేదు, ఈయనా కనుక్కోలేదు.

అవ్వ ముఖం కందగడ్డ అయింది. "రేపు మధ్యాహ్నం రా. చెప్తా," అని లేచి లోపలికి పోయింది.

మర్నాడు మురహరి వచ్చేసరికి ఆశ్రమం వెదురు తలుపు మూసి, లోపల గొళ్లెం పెట్టి ఉంది. ఏనాడూ మూయని తలుపు అది. రోజూ మధ్యాహ్నం అవ్వ పెట్టే రాగి సంగటి తినడానికి వచ్చేవాళ్లు కూడా బయటే ఆగిపోయారు. ఒక కర్ర పట్టుకున్న ముసలాయన, నెత్తిన మూటతో ఒకామె, ఇంకా నలుగురైదుగురు. నిలబడదామంటే గోరంత నీడ లేదు.

మురహరి పిలిచాడు. తలుపు బాదాడు. కంచె సందులోంచి చూస్తే అవ్వ వాకిట్లో, ఆ ఎండలోనే, తల మీద కొంగు కూడా లేకుండా నిలబడి ఇటే చూస్తోంది. ఉలకదు, పలకదు.

"అవ్వా! నేను, మురహరిని! వినపడటం లేదా?"

"అందరమూ ఉండాం గదప్పా, రవంత నిదానించు," అన్నాడు ముసలాయన.

మీ సంగతి నాకెందుకన్నట్టు చూశాడు మురహరి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాలుక పిడచగట్టింది. ఇంత ఆఫీసరును పట్టుకుని రోడ్డు మీద నిలబెడుతుందా ఈ ముసల్ది! ఇంక వెళ్లిపోదాం అనుకుంటూనే గంట నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంకో గంట.

చివరికి తలుపు సందుగా తెరుచుకుంది. తెరిచింది అవ్వే.

"మురహరి ఒక్కడు రావచ్చు."

ఒక్క ఉదుటున లోపలికి దూరాడు. అవ్వ మళ్లీ గొళ్లెం పెట్టి, చెంబుతో నీళ్లు చేతికిచ్చింది.

"తాగు. చూశావా, లోపలికి రాగానే నీళ్లిచ్చినా. నా దగ్గర కాచుకునే పనే లేదు."

మురహరికి తిక్క రేగింది. "లేదా! రెండు గంటలు కుక్కలా నిలబెట్టి..."

"యాడ? రోడ్డు మీదనా? రోడ్డు లెక్క నాకెందుకు నాయనా?"

మురహరి తల తిప్పి ఆ గొళ్లెం వైపు చూశాడు.

అవ్వ నవ్వలేదు. ఎండకు ఆమె నుదురు కమిలిపోయింది.

"నీకు తెలిసొచ్చిందిలే. దానికి నేనెందుకు, ఎండ చాలు. నేనడిగేది వేరే. నీ పక్కన ఆ ముసలాయన ఉండె, ఆ మూట ఆమె ఉండె. నీతోపాటే మాడినారు. వాళ్లను దాటుకుని నువ్వొక్కడివే లోపలికి ఎట్లా రాగలిగినావు?"

మురహరి చెంబు కింద పెట్టాడు.

"ఓబులేసుకు అది చేతగాలేదు," అంది అవ్వ. "దానికేనా వాని కూడు తీసేది?"

మురహరి కంచె సందులోంచి బయటివాళ్లను చూశాడు. "ఆ ఆర్డరు చించేస్తానవ్వా."

"నాకెందుకు చెప్తావు? పోయి వానికి చెప్పు." అవ్వ తలుపు వైపు చెయ్యి చూపింది. "ముందు ఆ గొళ్లెం తియ్యి. వాళ్లు ఇంకా ఎండలోనే ఉండారు."