దిగిరాని సొలాంజ్

అనగనగా ఏడు సముద్రాలకి అవతల, ఫ్రాన్సు దేశంలో, వెర్లాక్ అని ఒక ఊళ్ళో సొలాంజ్ అనే పిల్ల ఉండేదమ్మడూ. చెప్పులు కుట్టే ఆయన కూతురు. ఈ కథ నాలా చెప్పేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరు, కాబట్టి కాళ్ళాడించకుండా విను.

ఆ ఊరి చర్చిలో ఒక ఆర్గన్ ఉండేది. ఆర్గన్ అంటే మన హార్మోనియానికి ముత్తాత అన్నమాట. గోడంతా గొట్టాలే. పెద్ద గొట్టం తాడిచెట్టంత, అందులో ఏనుగు దూరి కునుకు తీయొచ్చు. చిన్నది నీ చిటికెనవేలంత. చేతులతో మీటలు నొక్కాలి, కాళ్ళతో కింద చెక్కలు నొక్కాలి. వెనకాల మనుషులు కొలిమితిత్తుల్లాంటివి తొక్కుతూ గాలి పంపాలి. మోగిందంటే గోదావరి వంతెన మీద పది రైళ్ళు ఒక్కసారే వెళ్ళినట్టు. ఆ అదురుకి పక్కూళ్ళో పాలు పొంగిపోయేవి.

అది వాయించాలని ఆ పిల్లకి ఒకటే పట్టుదల. వెళ్ళి దాన్ని వాయించే ముసలాయన్ని నేర్పమని అడిగింది. నీ కాళ్ళు చెక్కలకి అందవు పొమ్మన్నాడాయన. అప్పుడు వాళ్ళ నాన్న జానెడు మందం అడుగున్న జోళ్ళు కుట్టిచ్చాడు. అందాయి.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. వేళ్ళు కొంకర్లు పోతాయి, మానెయ్యమన్నాడు ముసలాయన. అప్పుడది ఉడకబెట్టిన బంగాళాదుంపలు జేబుల్లో వేసుకుని వెళ్ళింది. వాటితో వేళ్ళు కాచుకోడం, వాయించడం, ఆకలేస్తే ఆ దుంపలే తినెయ్యడం. అలాగే పెరిగి పెద్దదైంది. తుమ్మినా తాళంలోనే తుమ్మేది.

ఆ తర్వాత ముసలాయన కాలం చేశాడు. ఆర్గన్ ముందు ఆయన కూర్చునే పీట మీద ఇక ఎవరు కూర్చోవాలో తేల్చడానికి పోటీ పెట్టారు. వాళ్ళ ఆనవాయితీ ఏమిటంటే, వాయించేవాళ్ళు పైన అటకలాంటి చోట, చర్చి పెద్దలు కింద. పెద్దలు చిన్న పల్లవి ముక్క ఇస్తారు. దాన్ని పట్టుకుని అప్పటికప్పుడు పెద్ద పాట అల్లాలి. గెలిస్తే బతికినన్నాళ్ళూ ఆ పీట వాళ్ళదే. ఓడితే మళ్ళీ దాని దరిదాపులకి రానివ్వరు.

పెద్దలకి పెద్ద బెర్తెలెమీ అనే ఆయన. ఆడపిల్ల ఆ పీటెక్కడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. కూడదని ఎవరూ ఎక్కడా అనలేదు గనక నోరు మూసుకున్నాడు. ముందు ఇద్దరు మగవాళ్ళు వాయించి వెళ్ళారు. మూడోది సొలాంజ్. ఇలా వేలు పెట్టిందో లేదో, వానల చెమ్మకి ఒక గొట్టం పట్టేసింది. వేలు తీసినా ఆగదే. బొంయ్ మని ఒకటే మోత. జనం చెవులు మూసుకున్నారు.

బెర్తెలెమీ మొహం చేటంతైంది. నీ రాత అంతేనమ్మా, దిగి రమ్మని కేకేశాడు.

సొలాంజ్ దిగలేదు. తల వంచి ఆ మోతనే విన్నది. మన పాటకచేరీలో వెనకాల తంబురా మోగుతూనే ఉండదూ? అలాగ ఆ మోతనే శ్రుతి చేసుకుని, దాని మీద పల్లవి ఎత్తుకుంది.

అప్పుడు బెర్తెలెమీ మళ్ళీ అరిచాడు. ఆర్గన్ ఆ అరుపుని మింగేసింది. ఇక గాలి ఆపిద్దామని తనే మెట్లెక్కి రొప్పుకుంటూ పైకొచ్చాడు. తిత్తులు తొక్కే గాస్పార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఈ మోతలో ఏం వినపడ్డం లేదు దొరగారూ, అయ్యాక చెప్పండి" అని ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

ఆ పాట ఏం చెప్పను. రంగుటద్దాల కిటికీల్లో బొమ్మలు తలలూపాయి. ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టడం మధ్యలో ఆపి విన్నాయి. నది నాలుగడుగులు వెనక్కి నడిచింది. అబద్ధమైతే రేపు పొద్దున్న నాకు కాఫీ ఇవ్వకండి.

పాటయ్యాక చేతులు తీసింది. ఆ ఒక్క గొట్టం మోగుతూనే ఉంది. ఇందాక చెవులు మూసుకున్నవాళ్ళే, ఇంకా పాట ఉందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గాస్పార్ తిత్తి దిగాక గానీ అది ఆగలేదు.

బెర్తెలెమీ గొంతు సవరించుకున్నాడు. "బాగానే వాయించావు. కానీ ఆడవాళ్ళకి ఈ పీట ఇచ్చే ఆనవాయితీ లేదమ్మా."

సొలాంజ్ పీట మీంచి అంగుళం కదల్లేదు. "ఎప్పుడో ఒకప్పుడు మొదలవ్వాలిగా దొరగారూ. ఇవాళ మొదలైందనుకోండి. ఆదివారం ప్రార్థన ఎన్నింటికి?"

ఆయన కిందకి చూశాడు. ఊరు ఊరంతా లేచి నిలబడి పైకే చూస్తోంది.

"పదింటికి," అన్నాడు నోట్లోనే.

ఆ తర్వాత ఆమెని రోము పిలిచింది, లండను పిలిచింది, మంచు దేశాలు పిలిచాయి. అన్నిచోట్లా కచేరీలు చేసింది. ఓడలు ఆమె కోసం రేవులో ఆగేవట. శనివారం ఏ రాజు బతిమాలినా సరే, రేపు నా పీట దగ్గర పనుందని వచ్చేసేది. జుట్టు ముగ్గుబుట్టైనా ఆ పీట మీంచి ఎవరూ దింపలేకపోయారు.

ఊదిన గాలి ఊరవతలికి,
పాడిన పాట పైమబ్బుకి,
కథేమో తిన్నగా కంచికి,
కళ్ళు మూసుకుని నువ్వు కలలోకి.