బండ మీద వేసవి

కుముదిని ఏడాది పాటు తీసిన ఫొటోలు తెచ్చి గురువుగారి చాప మీద వరుసగా పరిచింది. ఆయన చూసి సరే అంటే చాలు. హైదరాబాదులో ప్రదర్శనకు హాలు సిద్ధంగా ఉంది. నెలాఖరుకు మొదలు.

గురువు ఫక్రుద్దీన్ సాహెబు ఒకప్పుడు రాయచోటిలో ఫొటో స్టూడియో నడిపారు. తన గురువు పోయాక స్టూడియో తమ్ముడికి అప్పగించి, ఉడుముల కొండ కింద ఆ గురువు దర్గా దగ్గరే ఉండిపోయారు. ఆయన దగ్గరికి కెమెరా నేర్చుకుందామని వచ్చేవాళ్ళు కొందరు. మనసు బాగాలేదని వచ్చేవాళ్ళు కొందరు. అందరికీ ఒకటే పని చెప్పేవారు. కొండ మీద ఒక చోటు చూపించి, ఏడాది పొడుగునా అక్కడికే పోయి రమ్మనేవారు. ఫొటో తీస్తే ఆ చోటే తీయాలి. ఏడాది తిరిగాక ఆయన సరే అంటేనే ఆ ఫొటోలు నలుగురికీ చూపించాలి. అక్కడి పద్ధతి అది.

కడప కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కుముదినికి ఆయన చూపించింది ఒక బండ. ఏటవాలుగా, ఏనుగు వీపంత, నల్లగా ఉంటుంది.

"దీని మీద ఏం పూస్తుంది స్వామీ?"

"నాకేం తెలుసమ్మా. నువ్వు చూసి చెప్పు."

చూసింది. వానలు పట్టుకున్నాక బండ మీద తడి ఆరని చోటల్లా గోరంత ఊదా పూలు లేచాయి. ఒకటీ రెండూ కాదు, బండ బండంతా. మోకాళ్ళ మీద కూర్చుంటే సరిగ్గా కనిపించవు, బోర్లా పడుకోవాలి. పడుకుంటే మాత్రం కంటికెదురుగా ఒక ఊరంత జనం తలలూపుతున్నట్టు ఉండేది. వానలు వెనకపట్టేసరికి పక్క పొద మీదికి పాకిన నాభి తీగ చివర్లకు నిప్పంటుకున్నట్టు ఎర్రటి పూలు విచ్చాయి. చలి తగ్గే రోజుల్లో, ఒక్క ఆకైనా లేని కొండగోగు చెట్టు బండను చీల్చుకుని నిలబడి, అరచేతంత పసుపు పూలు పూసి, ఒక్కొక్కటే కింద రాల్చింది. ఆ రోజు కుముదిని చాలాసేపు కెమెరా తీయలేకపోయింది. రాతిలోంచి అంత పసుపు ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు.

సాహెబు ఫొటోలన్నీ చూశారు. తొందర పడలేదు. ఊదా పూల ఫొటో దగ్గర ఆగారు. ఒకే ఒక పువ్వు, దాని కేసరాలు కూడా కనిపిస్తున్నాయి. వెనకంతా మెత్తటి పచ్చటి మసక.

"బాగుంది. వేసవి ఏదమ్మా?"

"వేసవిలో ఏముంది స్వామీ? మూడుసార్లు పోయొచ్చా. బండ తప్ప ఏం లేదు."

"అయితే బండ ఫొటో ఏది?"

పక్కనే పొయ్యి దగ్గర టీ కాస్తున్న దస్తగిరి నవ్వాడు. అతను ఆటో నడుపుతాడు. సాహెబు దగ్గర చేరి చాలా ఏళ్ళయింది. "బండ ఫొటో చూడ్డానికి హైదరాబాదులో టికెట్టు కొంటారా బాబా? వాళ్ళకు ఇంటి చుట్టూ బండలే" అన్నాడు.

"టికెట్టేం లేదులే, నోరు మూసుకో" అంది కుముదిని. తర్వాత గురువువైపు తిరిగి, కాస్త గట్టిగానే అంది. "నేను వదిలేయలేదు స్వామీ. అక్కడ తీయడానికి ఏమీ లేదు. లేనిదాన్ని ఎట్లా తీయమంటారు?"

సాహెబు ఫొటోలు ఒక దాని మీద ఒకటి పేర్చి ఆమె చేతికిచ్చారు. "రేపు నేనూ వస్తా" అన్నారు.

మర్నాడు ఎండ ముదరకముందే బయల్దేరినా, సాహెబు మోకాళ్ళ పుణ్యమా అని బండ చేరేసరికి మధ్యాహ్నం కావచ్చింది. దస్తగిరి నీళ్ళ క్యాను, చెంబు, సద్దిమూట మోస్తూ దారి పొడుగునా సణిగాడు. "ఫొటో అక్క తీస్తుంది, పేరు అక్కకొస్తుంది, నీళ్ళు మాత్రం నేను మోయాల."

"నువ్వు తాగవా?" అంది కుముదిని.

"తాగితే బరువు తగ్గుతుందని చూస్తాండా. బాబా తాగనీడే."

బండ మీద నిజంగానే ఏమీ లేదు. కొండగోగు పూలు కూడా రాల్చేసి మోడులా నిలబడి ఉంది. గడ్డి కాలిపోయినట్టుంది. బండ మీద అక్కడక్కడ గోధుమరంగు చెత్త ఎండి అతుక్కుపోయి ఉంది. పిట్టగూళ్ళు పీకి పడేసినట్టు, చిన్న చిన్న ఉండలు. ముట్టుకుంటే చేతికి గరగరలాడింది.

"సరే, బండే తీస్తా" అంది కుముదిని. సంచీలోంచి బ్రష్షు తీసింది. ఫొటోకు ముందు పువ్వు చుట్టూ చితుకులూ పుల్లలూ ఏరేయడం ఆమెకు అలవాటు. ఈ పని చేసేవాళ్ళలో చాలామందికి ఉండే అలవాటే. చోటు శుభ్రంగా లేకపోతే ఫొటో శుభ్రంగా రాదు. బ్రష్షుకు లొంగనివి చాకుతో గీకింది. ఉండలు ఊడి వచ్చాయి. కొన్ని బండ అంచు దాటి లోయలో పడ్డాయి, కొన్ని అంచున పోగుపడ్డాయి. గీకిన మేర రాయి నున్నగా, నల్లగా మెరిసింది.

"ముగ్గు కూడా వేస్తావా అక్కా?" అన్నాడు దస్తగిరి.

సగం బండ శుభ్రమయ్యేసరికి సాహెబు పిలిచారు. "కాసేపు ఆపమ్మా. నమాజు వేళయింది."

బండ పైకొసన ఇంకో పెద్ద రాయి గొడుగులా వాలి ఉంది. దాని నీడ కుముదిని ఇంకా గీకని సగం మీద పడుతోంది. దస్తగిరి చెంబు పక్కన మట్టినేల మీద పెట్టాడు. "ఇక్కడ కూర్చో బాబా, చదునుగా ఉంది."

"వద్దు, ఇక్కడే" అని సాహెబు బండ పైకొసకే జరిగి కూర్చున్నారు.

వుజూ మొదలుపెట్టారు. చేతులు కడుక్కున్నారు. నోరు పుక్కిలించారు. ముఖం, మోచేతుల దాకా చేతులు, చివరికి పాదాలు. నీళ్ళు తక్కువే వాడారు. ఆయన ఒంటి మీదినుంచి జారిన ప్రతి బొట్టూ ఏటవాలుగా కిందికి పాకి ఆ గోధుమరంగు ఉండల్లోకి ఇంకింది. దస్తగిరి కూడా అక్కడే కూర్చుని వుజూ చేశాడు. చెంబులో మిగిలినవి సాహెబు నెమ్మదిగా అక్కడే వంపారు. ఒక్క చుక్క కూడా కింది దాకా పోలేదు. ఉండలు తాగేశాయి.

ఇద్దరూ పక్కన మట్టినేల మీద తువ్వాళ్ళు పరచుకుని పడమటికి తిరిగి నిలబడ్డారు.

కుముదిని పక్కన కూర్చుంది. చేయడానికేమీ లేక తడిసిన చోటు చూస్తోంది.

ముందు రంగు మారింది. ఉండల మధ్య బండను పట్టుకున్న నల్లటి పొర, మసిలా ఉన్నది, పచ్చబడింది. ఎండకు కళ్ళు చెదిరాయేమో అనుకుని రుద్దుకుంది. అది ఇంకా పచ్చబడింది.

తర్వాత ఒక ఉండ కదిలింది.

గాలి లేదు. చెట్టు మీద ఎండుకొమ్మ కూడా ఊగడం లేదు. ఉండ లోపలికి ముడుచుకున్న వేళ్ళలాంటివి ఒక్కటొక్కటే వదులవుతున్నాయి. కళ్ళార్పకుండా చూస్తే కదలిక తెలియడం లేదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇందాకటి చోట లేవు. పక్కది కూడా. దాని పక్కది కూడా.

నమాజు అయింది. దస్తగిరి సద్దిమూట విప్పాడు. ఎవరు పెట్టారో, తనేం తిన్నదో కుముదినికి తెలియలేదు. గుళ్ళో గంట మోగే ముందు ఒక్క క్షణం ఉంటుందే, అలాంటి నిశ్శబ్దం.

పొద్దు వాలేసరికి నీడలో ఉన్న సగం బండ మీద ఉండల్లేవు. అరచేతుల్లా విప్పుకున్న పచ్చటి రెమ్మలు, అంచులు చెక్కినట్టు, ఒకదాని మీద ఒకటి పరచుకుని ఉన్నాయి. మిగతా సగం నున్నగా, నల్లగా మెరుస్తోంది.

కుముదిని ఫోను తీసింది. వానాకాలపు ఫొటో తెరిచింది. ఊదా పువ్వు మీదినుంచి వేలితో పక్కకు జరిపి, వెనకనున్న పచ్చటి మసకను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఇంకో ఫొటో. ఇంకోటి. పూలున్న ప్రతి ఫొటోలోనూ వెనక ఇవే ఉన్నాయి.

"తెలిసీ నన్ను గీకనిచ్చారు" అంది. "ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదా స్వామీ."

"చెబితే వినేదానివి" అన్నారు సాహెబు. "చూసేదానివి కాదు."

ఆమె లేచి బండ అంచుకు పోయింది. లోయలో పడ్డవి పోయాయి. మిగిలిన పోగును రెండు చేతులా తెచ్చి, బండ పగుళ్ళలో ఒక్కొక్కటే వేరు కిందికి వచ్చేలా కూరింది. తన సీసాలో నీళ్ళన్నీ వాటి మీద పోసింది.

"దిగేటప్పుడు దాహమైతే నన్నడగొద్దు" అన్నాడు దస్తగిరి. అంటూనే క్యానులో అడుగున ఉన్నవి తెచ్చి తనూ పోశాడు.

"బతుకుతాయా స్వామీ?"

"వానలకు వచ్చి చూడు."

"వానలకా? నెలాఖరుకు హాలు కదక్కా!" అన్నాడు దస్తగిరి.

"హాలువాళ్ళతో నేను మాట్లాడుకుంటాలే."

సాహెబు కర్ర అందుకుని మెల్లగా లేచారు. "నిన్న నన్నేదో అడగడానికి వచ్చినట్టున్నావు."

కుముదిని చేతుల మట్టి చీరకు తుడుచుకుంది. "ఈ బండ నాకు ఇంకో ఏడాది ఇవ్వండి స్వామీ."

"నాదైతే కదా ఇవ్వడానికి" అని ఆయన దారి పట్టారు. దస్తగిరి ఖాళీ క్యాను ఊపుకుంటూ వెనకాలే నడిచాడు.

కుముదిని కెమెరా సంచీ భుజానికి తగిలించుకుని దిగబోయింది. కింద దారి పొడుగునా, దారికి అటూ ఇటూ, కనుచూపు మేర కొండంతా అదే గోధుమరంగు. ఎండి, ముడుచుకుని, గరగరలాడుతూ.

ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది.