పైడి నోట్లో చిన్న దీపం

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు బంగారూ, మొన్నమొన్ననే, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పైడితల్లి అనే పిల్ల ఉండేది. నీకంటే ఒక్క ఏడాది పెద్దది. వాళ్ళ నాన్న తాతారావు వేటకెళ్ళి చేపలు తెచ్చేవాడు. అమ్మ నూకాలు వాటిని ఎండబెట్టి అమ్మేది.

ఆ పిల్ల పుట్టడమే అంగిలి చీలి పుట్టింది. అంగిలంటే నోటికి పైకప్పు. నాలుక పైకి పెట్టి చూడు, తగిలిందా? అదే. పసిగుడ్డుగా ఉన్నప్పుడే డాక్టర్లు కలిపి కుట్టారు. కానీ ఒకచోట చిన్న కన్నం మిగిలిపోయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. మాట్లాడితే గాలంతా ముక్కులోంచి పోయేది. 'పైడి' అని తన పేరు చెబితే 'మైడి' అని వినబడేది. బళ్ళో పిల్లలు అలాగే పిలిచేవాళ్ళు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందీ? మాట్లాడ్డమే మానేసింది.

పెద్దాసుపత్రిలో ఏమన్నారంటే, ఇంకొంచెం పెద్దయ్యాక మళ్ళీ ఆపరేషన్ చేద్దాం, అందాకా ప్లేటు పెడదాం అన్నారు. అన్నం తినే ప్లేటు కాదు, నవ్వకు! అంగిలికి అతుక్కునే పల్చటి మూత. అది అమరాలంటే నోటి కొలత కావాలి.

మొదటిసారి వెళ్తే డాక్టరు గరిటెలాంటి దాంట్లో మెత్తటి ముద్ద పెట్టి నోట్లో నొక్కాడు. అది గట్టిపడేదాకా కదలకూడదు. పైడికి డోకొచ్చింది. ముద్ద ఉమ్మేసి, కుర్చీ దిగి పారిపోయింది.

రెండోసారి వాళ్ళ నాన్నే చేతులు పట్టుకున్నాడు. ముద్ద గొంతువైపు జారింది. ఊపిరాడక పిల్ల కళ్ళు తేలేసింది. డాక్టరు గబుక్కున తీసేశాడు. తాతారావు పిల్లని ఎత్తుకున్నాడు. "మూత లేకపోతే లేదు. నా బిడ్డ నాకుంటే చాలు" అన్నాడు.

నూకాలు ఊరుకోలేదు. "నోరు విప్పకుండా ఎన్నాళ్ళుంటాది? ఇంకో దారి చెప్పండి బాబూ" అని ఆ డాక్టర్నే అడిగింది. అప్పుడాయన పట్నంలో పిల్లల పళ్ళ డాక్టరు హైమవతి దగ్గరికి పంపాడు.

అది మూడోసారి. అమ్మా నాన్నా ఇద్దరూ వెంట వెళ్ళారు. పైడి గుమ్మంలోనే రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. హైమవతి లోపలికి రమ్మనలేదు. తనే వచ్చి కింద కూర్చుంది. చేతిలో లావుపాటి బ్రష్షులాంటిది ఉంది, దాని కొసన చిన్న దీపం.

"దీన్ని స్కానర్ అంటారు తల్లీ. ముద్ద పెట్టదు, గుచ్చదు, ఊరికే చూస్తుంది. ముందు నువ్వే దీనికి ఏదైనా చూపించు."

పైడి ఒక చెయ్యి నోటిమీదే ఉంచి, రెండో చేతి బొటనవేలు చూపించింది. డాక్టరమ్మ దీపాన్ని వేలిచుట్టూ తిప్పింది. టీవీలాంటి తెరమీద వేలు ప్రత్యక్షం! గోరు, గోరుపక్కన చేపముల్లు గీసిన గీత, అన్నీ ఉన్నాయి.

"నోట్లో పెట్టాక నువ్వు చెయ్యెత్తితే తీసేస్తాను. ఎన్నిసార్లు ఎత్తినా తీసేస్తాను" అంది డాక్టరమ్మ.

పైడి కుర్చీ ఎక్కింది. దీపం పెదవి దాటగానే చెయ్యెత్తింది. డాక్టరమ్మ తీసేసింది. మళ్ళీ పెట్టగానే మళ్ళీ ఎత్తింది. మళ్ళీ తీసేసింది, విసుక్కోలేదు. మూడోసారి పైడి చెయ్యెత్తలేదు. తెరమీద తన పళ్ళు ముగ్గు వేస్తున్నట్టు ఒక్కొక్కటే వస్తుంటే, చూస్తూ మర్చిపోయింది.

ఆ తర్వాత అంగిలి వచ్చింది. దాని మధ్యలో కన్నం వచ్చింది. దాన్ని పైడి ఎప్పుడూ చూడలేదు కదా! నాలుకతో తడిమి తడిమి నుయ్యంత ఉంటుందనుకునేది. తీరా చూస్తే చింతగింజలో సగం లేదు.

"ఇంతేనా?" అంది. ముక్కుతోనే అంది, కానీ ఎవరూ అడక్కుండా అంది.

"అంతే తల్లీ."

తాతారావు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కొలత కంప్యూటర్లోకి వెళ్ళింది. దాన్నిబట్టి ఒక మిషను పైడి నోటి అచ్చు చేసింది. ఆ అచ్చుమీద ప్లేటు తయారైంది. పెట్టుకున్న రోజే గ్లాసెడు నీళ్ళు తాగితే ముక్కులోంచి చుక్క రాలేదు.

మాట మాత్రం వెంటనే కుదరలేదు బంగారూ. మాటలు నేర్పే టీచరమ్మ దగ్గర వానాకాలమంతా సాధన చేసింది. టీచరమ్మ ముక్కుకింద చిన్న అద్దం పెట్టేది. ఆవిరి పట్టిందా, గాలి ముక్కులోంచి పోయినట్టు. తేటగా ఉందా, మాట నోట్లోంచి వచ్చినట్టు.

ఒకరోజు ఇంట్లో బెల్లం నిండుకుంది. "నేనూ రానా?" అంది నూకాలు. పైడి వద్దని తలూపి, ఒక్కతే కొట్టుకి వెళ్ళింది. అక్కడ జనం ఉన్నారు. అయినా ముందుకెళ్ళి నిలబడింది.

"బాబాయ్, పావుకిలో బెల్లం!"

కొట్టు బాబాయ్ "ఏంటీ?" అనలేదు. బెల్లం తూచి, పొట్లం కట్టి, "ఇంకేం కావాలమ్మా?" అన్నాడు.

"పప్పుందా? బఠాణీలున్నాయా? పిప్పరమెంట్లున్నాయా?" అంది పైడి. అవేం కొనలేదు. కొట్లో ఉన్నవన్నీ పేరుపేరునా అడిగి, తీరుబడిగా ఇంటికొచ్చింది.

కథేమో కంచి బస్సెక్కింది,
కొంగు నీ గుప్పిట చిక్కింది,
కంటికి కునుకు దక్కింది.