జరిపిన మేకు

గాజువాక ఆటోనగర్‌లో కార్లకు వెనక ఆర్ములు తయారుచేసే సన్యాసిరావుకు చేతిలో ఎంత పనితనం ఉండేదో, మనసులో అంత అనుమానం ఉండేది.

ఆర్ము అంటే కారు వెనక చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనప కడ్డీ. కొండదారుల్లో తిరిగేవాళ్ళు అడుగున రాళ్ళు తగలకుండా కారును ఎత్తు చేయించుకుంటారు. ఎత్తు పెరిగితే వెనక చక్రాలు వంకరగా నిలబడతాయి. టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. కంపెనీ ఆర్ముకు ఒకటే పొడవు కాబట్టి దాన్ని సరిచేయలేరు. సన్యాసిరావు ఆర్ము అలా కాదు. మధ్యలో పైపు, ఆ పైపులోకి మర చుట్లతో బిగిసే కొస. కొసను తిప్పుతూ కావలసినంత పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చక్రం నిటారుగా నిలిచాక నట్టు బిగించేస్తే ఇక కదలదు. దీనికోసం పాడేరు, అరకుల నుంచి కూడా బళ్ళు వచ్చేవి.

పేరుతోపాటు అతనికి బెంగ కూడా పెరిగింది. తన కొలత ఎవరో ఎత్తుకుపోతారని ఎప్పుడూ భయపడేవాడు. ఆ కొలతంతా జిగ్గులో ఉండేది. జిగ్గు అంటే మందపాటి ఇనప పలక మీద దిగ్గొట్టిన రెండు మేకులు. వాటి మధ్య పైపు పెట్టి వెల్డింగు చేస్తే ప్రతి ఆర్మూ ఒకే కొలతకు వచ్చేది. పని లేనప్పుడు దానిమీద గోనెపట్టా కప్పి, ఆ బల్లకే వీపు ఆనించి అన్నం తినేవాడు. బేరానికి వచ్చినవాడు వంగి చెప్పు సర్దుకున్నా, కొలత చూస్తున్నాడేమోనని కాళ్ళవంక చూసేవాడు.

అందరికంటే ఎక్కువ అనుమానం పక్క కొట్టు దాలయ్య మీద. దాలయ్యది చక్రాలు సరిచేసే పని. సన్యాసిరావు బిగించిన ప్రతి ఆర్మునూ తిప్పి, చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది అతనే. ఆ దాలయ్య ఈమధ్య తరచుగా కొట్లోకి వచ్చి, పైపు చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూస్తున్నాడు. వెల్డింగు చేసే తవుడుతో గుసగుసలాడుతున్నాడు. తవుడు సన్యాసిరావు భార్యకు సొంత తమ్ముడు. బావ గుమ్మంలో కనబడగానే ఇద్దరి మాటలూ ఆగిపోయేవి.

"ఏటిరా, ఏటి చెప్తన్నాడు?" అని ఒకసారి సన్యాసిరావు అడిగాడు.

"ఏటీ లేదు బావా" అన్నాడు తవుడు.

ఆ మాట సన్యాసిరావు మనసులో ముల్లులా దిగింది. బావమరిది లోపాయికారీగా కొలత అమ్మేస్తున్నాడని నమ్మేశాడు. మళ్ళీ అడగలేదు. ఉచ్చు పన్నాడు.

తవుడు లేని సమయం చూసి జిగ్గు మీది ఒక మేకును పెరికి, బొటనవేలంత లోపలికి జరిపి దిగ్గొట్టాడు. సరైన కొలత తన మనసులో దాచుకున్నాడు. అటక మీద ఒక జత ఆర్ములు తయారుగా ఉన్నాయి కాబట్టి ఇప్పట్లో తనకు జిగ్గుతో పనిలేదు. గోనెపట్టా తీసేసి, దాన్ని అందరికీ కనబడేలా బల్లమీద వదిలేశాడు. దొంగ ఎవడైనా కొలుచుకుపోతాడు, పొట్టి ఆర్ములు చేసి నవ్వులపాలవుతాడు అనుకున్నాడు. ఈ సంగతి ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

మర్నాడు పైపులు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి, పాడేరు నుంచి మిరియాలు తెచ్చే జోగారావు కారు దాలయ్య కొట్లో ఉంది. వెనక కొత్త ఆర్ములు మెరుస్తున్నాయి. అటక మీది జతే బిగించారనుకున్నాడు సన్యాసిరావు. కారు కింద దాలయ్య, తవుడు తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకోవడం చూసి పళ్ళు కొరికాడు.

దాలయ్య బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సన్యాసీ, చక్రం నిలబడాలంటే కొసను ఎప్పటికంటే బాగా బయటికి తిప్పవలసొచ్చింది. లోపల మర ఎంత మిగిలుంటాదో చెప్పు."

కొలత కూపీ లాగుతున్నాడు, అనుకున్నాడు సన్యాసిరావు.

"చక్రం నిలబెట్టడం నీ పని. నా పైపు లోపల ఏటుందో నీకెందుకు?" అన్నాడు.

"నాకెందుకంటే..."

"బిగించి పంపించు. నీకు చేతకాకపోతే ఇంకొకడున్నాడు."

దాలయ్య ముఖం ముడుచుకుంది. మళ్ళీ కారు కిందికి దూరి నట్టు బిగించాడు.

కొత్త ఆర్ములు వేసిన బండిని యారాడ కొండ ఎక్కించి దింపడం ఆ కొట్టు ఆనవాయితీ. వెనక సీట్లో కూర్చుని చప్పుడు వినడం తవుడు పని. జోగారావు నడిపాడు, తవుడు వెనక కూర్చున్నాడు. కొండ దిగేటప్పుడు మలుపులో వెనక చక్రం ఒక్కసారి లోపలికి మడతపడింది. కారు తిరగబడి, కొండవైపు రాళ్ళను కొట్టుకుని ఆగింది. అవతలివైపు పడి ఉంటే అంతా లోయే. జోగారావు గీతలతో బయటపడ్డాడు. తవుడు కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

తవుడును ఆసుపత్రిలో చేర్పించి వచ్చి, సన్యాసిరావు దాలయ్య కొట్టు ముందు నిలబడ్డాడు. కళ్ళు కుట్టి నట్టు వదులుగా వదిలేశాడని, తన పేరు చెడగొట్టడానికి ఇద్దరు మనుషుల ప్రాణాలతో ఆడుకున్నాడని నలుగురూ వినేలా అరిచాడు. దాలయ్య కొండమీదినుంచి తాను విప్పి తెచ్చిన ఆర్మును అతని చేతుల్లో పెట్టాడు.

నట్టు బిగిసే ఉంది. పైపు నుంచి కొస ఊడి వచ్చేసింది. కొస చివర ఒకటి రెండు చుట్లు మాత్రమే చిరిగి ఉన్నాయి. అంత బయటికి తిప్పగా పైపులోపల పట్టు మిగిలిన మర అంతే. సన్యాసిరావు ఆ పైపు పక్కన తన బొటనవేలు ఆనించాడు. ఎంత పొట్టిగా ఉందో అతనికి కొలవకుండానే తెలిసింది. పరుగున వెళ్ళి అటక చూశాడు. ఆ జత అక్కడే ఉంది.

ఆసుపత్రిలో తవుడు కట్టుతో పడుకుని ఉన్నాడు.

"అటకమీద జత ఉందికదరా, దాన్నెందుకు వెయ్యలేదు?" అని సన్యాసిరావు అడిగాడు.

"నిన్నడక్కుండా ముట్టుకుంటే అనుమానపడతావని కొత్తవి చేశాను బావా. నీ జిగ్గు మీదే చేశాను. నీ కొలత ఎప్పుడూ తప్పదు కదా" అన్నాడు తవుడు.

సన్యాసిరావు మరి దాలయ్యతో ఆ గుసగుసలేమిటని అడిగాడు.

పైపుకు పక్కనుంచి చిన్న చిల్లు వేయించమని దాలయ్య చెబుతున్నాడట. అందులోంచి చూస్తే మర ఎంతవరకు ఉందో ఎవరికైనా కనబడుతుంది, ప్రమాదం ఉండదు అన్నాడట. నా మాట వినడు, మీ బావకు నువ్వే నచ్చజెప్పు అన్నాడట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే, ఈ మాట నీకెవడు నేర్పాడంటావు కదా" అన్నాడు తవుడు.

మర్నాడు సన్యాసిరావు తను అరిచిన చోటే నిలబడి, మేకు జరిపింది తనేనని అందరిముందూ చెప్పాడు. దాలయ్యకు చేతులు జోడించాడు.

"ముందు చిల్లు వెయ్యి. దండాలు తర్వాత" అన్నాడు దాలయ్య.

ఆనాటినుంచి ఆ కొట్లో చేసిన ప్రతి ఆర్ముకూ ఒక చిల్లు ఉండేది. జిగ్గు మీద గోనెపట్టా ఉండేది కాదు. అయినా తవుడు చెయ్యి మునుపటిలా తిన్నగా రాలేదు. వెల్డింగు కడ్డీ పట్టుకున్నప్పుడల్లా అది కొంచెం వణికేది. సన్యాసిరావు ఆ వణుకు చూసి తల దించుకునేవాడు.

అనుమానం వస్తే ఎదురుగా అడిగి తేల్చుకోవాలి. అడగకుండా పరాయివాడికని పన్నిన ఉచ్చులో మనల్ని నమ్మినవాడే పడతాడు.